చల్లటి చోట పెట్టండి

మా నాన్న నలభై ఏళ్ల కుట్టు పనిలో చొక్కా జేబు ఎప్పుడూ తప్పు కుట్టలేదు. ఆ వేసవిలో కుట్టాడు. కథ అక్కడి నుంచే మొదలుపెట్టాలని ఉంది నాకు. అప్పుడు తప్పు ఆయన మీదికో ఎండ మీదికో పోతుంది. కానీ అసలు తప్పు అంతకు రెండు నెలల ముందే జరిగింది. అది నాది.

డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఇంట్లో ఖాళీగా కూర్చున్నానని అమ్మ అందరికీ చెప్పేది. నిజానికి ఇస్త్రీ చేసేదాన్ని, కుట్లు విప్పేదాన్ని, తీరిక దొరికితే నాన్నతో పోట్లాడేదాన్ని. ఏటికేడాది ఎండలు ముదురుతున్నాయని, ఆసుపత్రిలో మంచాలు చాలడం లేదని ఆ ఏడు మా ఊరికి ముగ్గురు పరిశోధకులొచ్చి గ్రంథాలయం పై అంతస్తులో మకాం పెట్టారు. ఒకాయన వాతావరణ శాస్త్రవేత్త. అందరం వాతావరణం సార్ అనేవాళ్లం. ఒకావిడ డాక్టరు. ఇంకొకావిడది మనుషులు ఎలా బతుకుతున్నారో అడిగి రాసుకునే చదువు. ఆవిడకి వీధిలో ప్రశ్నల మేడం అని పేరు పడిపోయింది. ఏ వీధి ఇళ్లలో వేడి ఎక్కువో ముగ్గురూ కలిసి కనిపెట్టాలి, ఎండలు నడినెత్తికెక్కక ముందే అక్కడ ఒక చల్లటి హాలు తెరవాలి. చల్లబరిచే యంత్రాలు ఒక్క హాలుకి సరిపడానే ఉన్నాయి.

కాలికి బలపం కట్టుకుని తిరిగే మనిషి కావాలన్నారు. నేను చేరాను. మా వీధి, దాని చుట్టుపక్కల సందులు కలిపి నలభై రెండు ఇళ్లు నావి. రైలు గేటు అవతలి కాలనీ వాతావరణం సారే స్వయంగా చూసుకునేవాడు.

అగ్గిపెట్టెంత తెల్ల డబ్బా ఒకటి ప్రతి ఇంట్లో పెట్టాలి. అది పావుగంటకోసారి గదిలో వేడి ఎంతుందో గుర్తుపెట్టుకుంటుంది. మంగళవారం మంగళవారం వెళ్లి ఆ లెక్కలు ఫోన్లోకి తీసుకోవాలి. డబ్బా ఎలా పెట్టాలో కాగితం మీద రాసిచ్చారు: నేరుగా ఎండ తగలకూడదు, పొయ్యికి దూరంగా ఉండాలి, ఇంట్లోవాళ్లు ఎక్కువసేపు ఉండే గదిలో మనిషి ఎత్తున గోడకి తగిలించాలి. మొదటి మూడిళ్లలో అంతా చదివి వినిపించాను. నాలుగో ఇంటికి నోట్లో తడి ఆరిపోయింది. అక్కణ్ణుంచి ఒకే మాట. "చల్లటి చోట పెట్టండమ్మా, పాడవకుండా."

వాళ్లు అక్షరాలా అలాగే చేశారు. మా అమ్మ అయితే మెట్ల కింద నీళ్ల కుండ పక్కనున్న గూట్లో పెట్టింది. "పరాయివాళ్ల వస్తువు. ఎండకి చెడిపోతే మనం మాట పడాలి" అంది. ఆ వీధిలో ఏ ఇంటికెళ్లినా అదే వరస. ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే మూల ఎక్కడుందో వెతికి మరీ డబ్బాకి ఇచ్చారు. మనుషులు మాత్రం ఎప్పుడూ ఉండే చోటే ఉన్నారు.

గుండీల మామ్మ ఇంకో అడుగు ముందుకేసి నీళ్ల కుండ పక్క గూట్లో రుమాలు పరిచి, దాని మీద డబ్బాని కూర్చోబెట్టింది. మామ్మ మాకు రెండిళ్ల అవతల. నాన్న కుట్టిన చొక్కాలన్నిటికీ కాజాలు, గుండీలు ఆవిడవే. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, ఆవిడకి గుర్తుందో లేదో కూడా అనుమానమే. ఒంటిగదిలో పడమటి కిటికీ దగ్గర పీట వేసుకుని కూర్చునేది, సూదిలో దారం ఎక్కాలంటే ఆ వెలుగు కావాలి.

"పాడుచేయకుండా చూసుకుంటాలే అమ్మడూ. నన్నెవరూ ఇంత శ్రద్ధగా అడగలేదు, దాన్నే అడుగుతున్నారు" అని నవ్వింది.

నేనూ నవ్వాను. గులాబీ రంగు కాగితం మీద, పరికరం ఎక్కడుంది అన్న చోట "ఇంటి లోపల, నీడలో" అని రాసి సంతకం పెట్టాను. నా దగ్గర పచ్చ కాగితాలు కూడా ఉండేవి, అవి ప్రశ్నల మేడం ఇచ్చినవి. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఇంట్లో ఎవరెవరు ఎక్కడ ఉంటారు, ఏం చేస్తారు అన్న ప్రశ్నకి జవాబు రాయాలి. మామ్మ పేరు మీద "కిటికీ దగ్గర, గుండీలు" అని రాశాను. గులాబీ కాగితాలు వాతావరణం సార్ కంప్యూటర్లోకి వెళ్లేవి. పచ్చవి మేడం బీరువాలోకి వెళ్లేవి, వేసవి అయ్యాక తీరిగ్గా చదవడానికి. గ్రంథాలయం పై గదిలో ముగ్గురికీ మూడు బల్లలు, మూడు కిటికీలు, మూడు ఫ్లాస్కులు. ఒకరంటే ఒకరికి గౌరవమే కానీ ఒకరి కాగితం ఒకరు ముట్టుకునేవాళ్లు కాదు. రెండు రంగులూ పక్కపక్కన ఉన్న చోటు ఊరు మొత్తం మీద నా చేతిసంచీ ఒక్కటే. అది నాకు తట్టలేదు.

రెండో నెల సగంలో సార్ పటం గోడకి అంటించాడు. వేడి ఇళ్లు ఎరుపు, మధ్యరకం పసుపు, చల్లనివి నీలం. రైలు గేటు అవతల అంతా ఎర్రగా ఉంది. మా వీధి నీలంగా మెరిసిపోతోంది.

"మీ వీధి అదృష్టం" అన్నాడు సార్. "పాతికేళ్ల లెక్కల్లో ఇలాంటి వేసవి లేదు. ఇకమీదట వచ్చేవన్నీ ఇలాంటివే. అయినా మీవాళ్లకి ఫర్వాలేదు. నీలాగా శ్రద్ధగా పనిచేసే మనిషి దొరకడం మా అదృష్టం."

ఆ మాటకి నేను వారం రోజులు నేల మీద నడవలేదు. ఇల్లిల్లూ తిరిగి చెప్పాను, మన వీధి నీలం, మనకేం భయం లేదు అని. మామ్మకీ చెప్పాను. "నాకు తెలుసు, ఈ గోడలు పాతకాలపువి" అంది తృప్తిగా, చొక్కా మీద నుంచి కళ్లెత్తకుండా.

నాన్న పని గది మేడ మీద ఉండేది. పైన రేకులు. కింద గదుల్లో చీకటి, పైన మూడు వైపులా వెలుగు. కుట్టు పనికి వెలుగు కావాలి కాబట్టి రేకుల కింద మిషను, మిషను పక్కన ఇస్త్రీ బల్ల. బళ్లు తెరిచే లోపు యూనిఫాం చొక్కాలు ఇవ్వాలి, అందుకని ఏడాదిలో అన్నిటికన్నా ఎక్కువ పని ఆయనకి అన్నిటికన్నా ఎండగా ఉండే రోజుల్లోనే పడేది.

ఒక సోమవారం సాయంత్రం కుట్టేసిన చొక్కాలు మడతపెడుతుంటే ఒకదానికి జేబు కనిపించలేదు. తిరగేసి చూశాను. జేబు లోపలి వైపు ఉంది. కుట్టు ఎప్పటిలాగే తిన్నగా, ముత్యాల వరసలా ఉంది, కానీ లోపల.

"ఇదేంటి నాన్నా, దొంగలకి కుట్టావా?"

ఆయన చొక్కా తీసుకుని చాలాసేపు చూశాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "ఇది నేను కుట్టలేదే" అన్నాడు.

ఆ ఇంట్లో ఇంకెవరు కుడతారు? మిగతావి తిరగేశాను. అలాంటివి ఇంకో ఆరున్నాయి. నాన్నకి ఒక అలవాటుంది. రోజూ కుట్టే వరసలో చొక్కా అంచున సుద్దతో నంబరు వేస్తాడు. ఒకటి నుంచి పదమూడు దాకా అన్నీ బాగున్నాయి. పద్నాలుగు నుంచి మొదలు. పద్నాలుగో చొక్కా అంటే మధ్యాహ్నం ఒంటిగంట దాటాక.

"కళ్లు తిరిగాయా?"

"తిరగలేదు. కాస్త తల దిమ్మెక్కింది, అంతే. నువ్వు అమ్మకి చెప్పి ఊరంతా దండోరా వేయించకు."

మర్నాడు మంగళవారం. గూట్లో డబ్బా తీసి లెక్కలు చూశాను. ముప్పై ఒకటి, ముప్పై రెండు, మళ్లీ ముప్పై ఒకటి. చేతిలో డబ్బా పట్టుకుని మెట్లెక్కాను. నాన్న తలెత్తలేదు. మిషను పక్కన, ఆయన భుజం ఎత్తున మేకుకి తగిలించి, అరగంట అక్కడే కూర్చుని కుట్లు విప్పాను. చెమట కంట్లోకి కారుతుంటే విప్పే కుట్టు కనపడలేదు. లెక్క ఫోన్లోకి తీసి చూశాను. నలభై మూడు.

అప్పుడు తెలిసింది. ఒక్క మా ఇల్లే కాదు. నలభై రెండిళ్లలో మొదటి మూడూ తీసేస్తే ముప్పై తొమ్మిది. ఆ నీలం అంతా గూళ్లది, నీళ్ల కుండలది, మెట్ల కింద చీకటిది. అందులో మనుషులు లేరు.

అది మంగళవారం. నేను చెప్పింది శుక్రవారం.

ఆ మూడు రోజులూ ఎందుకు నోరు మెదపలేదో అప్పట్లో నాకు నేను రకరకాలుగా చెప్పుకున్నాను. హాలు రైలు గేటు వాళ్లకని తేలిపోయింది, వాళ్ల నోటి దగ్గరది లాక్కోవడానికి నేనెవరిని అనుకున్నాను. సార్ పటం బుధవారమే ఊరి అధికారులకి ఇచ్చేశాడు, ఇప్పుడు తప్పంటే ముగ్గురి పరువూ పోతుంది అనుకున్నాను. అన్నీ నిజమే. అన్నిటికన్నా పెద్ద నిజం, నాకు భయం వేసింది. శ్రద్ధగా పనిచేసే పిల్ల అన్న ఆ ఒక్క మాట పోతుందని భయం. మధ్యాహ్నం ఒంటిగంట అయ్యేసరికి ఏదో వంకతో మేడెక్కి నాన్న మొహం చూసి వచ్చేదాన్ని. మిషను చప్పుడు ఆగితే చేతిలో పని వదిలేసి చెవులు రిక్కించేదాన్ని, మళ్లీ మొదలైతే పనిలో పడేదాన్ని.

"ఏంటే, పెళ్లివారు చూడ్డానికొచ్చినట్టు గంటకోసారి వచ్చి చూస్తున్నావు?" అని విసుక్కున్నాడు.

"కిందికి వచ్చి కుట్టు నాన్నా."

"కింద నా చెయ్యి నాకు కనపడదు. రెండు వందల చొక్కాలున్నాయి. పనిలేకపోతే ఇవి మామ్మకిచ్చిరా."

ఇచ్చొచ్చాను. మామ్మ పడమటి కిటికీ దగ్గరే ఉంది, వీపు మీద ఎండ పరుచుకుని ఉంది. గూట్లో డబ్బా రుమాలు మీద హాయిగా ఉంది. ఆవిణ్ణి అక్కణ్ణుంచి లేపాలని నోటిదాకా వచ్చింది. లేపితే ఎందుకో చెప్పాలి. చెప్పకుండా వచ్చేశాను.

గురువారం నాన్న ఒక చొక్కాకి కాలరు మర్చిపోయాడు. ఇంకొకదానికి రెండు చేతులూ ఒకే వైపు కుట్టడానికి అరగంట తంటాలు పడి, కుదరక, కోపంతో విసిరికొట్టాడు. ఆయన కోపిష్టి కాదు. నేనూ అమ్మా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

శుక్రవారం డాక్టరమ్మ ఆసుపత్రి నుంచి గ్రంథాలయానికి వచ్చే రోజు. నేను ఆ చొక్కాలన్నీ మూటకట్టి తీసుకెళ్లి ఆవిడ బల్ల మీద పెట్టాను.

"ఏమిటివి?"

"మా నాన్న కుట్టినవి. నంబర్లు చూడండి."

ఆవిడ ఒక్కొక్కటే తిరగేసింది. జేబు దగ్గర వేలు ఆగింది. "ఎన్ని గంటలకి?" అంది.

"అన్నీ ఒంటిగంట తర్వాతవే. కాస్త తల దిమ్మెక్కింది, అంతే అంటాడు."

"ఇది తల దిమ్మ కాదమ్మా. ఒళ్లు వేడెక్కితే ముందు తప్పేది తెలివే. మనిషికి తెలియకుండా తప్పుతుంది. నీ వీధి నీలం కదా?"

"కాదు మేడం" అన్నాను.

తర్వాత ఏం చెప్పానో వరసగా గుర్తులేదు. నాలుగో ఇంటి సంగతి చెప్పాను. చల్లటి చోట పెట్టండమ్మా అన్నానని చెప్పాను. మంగళవారమే తెలిసిందని కూడా చెప్పేశాను. వాతావరణం సార్ తన బల్ల దగ్గర్నుంచి లేచి నిలబడ్డాడు. అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది. గోడ మీది పటం దగ్గరకెళ్లి ఆ నీలం మీద వేలు పెట్టాడు.

"నేను చల్లని చోటు అని ఎక్కడా రాయలేదు" అన్నాడు.

"రాయలేదు సార్. నేను కుదించాను."

"సరిచూడాల్సింది నేను. ఒక్క ఇంటికైనా వెళ్లి డబ్బా ఎక్కడుందో చూసుండాల్సింది." ఆయన గొంతులో కోపం నా మీద కాదు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

ప్రశ్నల మేడం లేచి బీరువా తీసింది. పచ్చ కాగితాల కట్ట తెచ్చి సార్ బల్ల మీద, గులాబీ కాగితాల పక్కన పెట్టింది. "వేసవి అయ్యాక చదువుదామని దాచాను" అంది, తప్పు ఒప్పుకుంటున్నట్టు. ముగ్గురూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవడం నేను చూడ్డం అదే మొదలు. ఒకరు డబ్బా ఎక్కడుందో చదవడం, ఒకరు మనిషి ఎక్కడుంటాడో చదవడం, ఎండదెబ్బతో చేరినవాళ్ల పేర్లుండే ఆసుపత్రి పుస్తకంలో డాక్టరమ్మ ఆ వీధి పేరు వెతకడం. ఆ పుస్తకంలో మా వీధి పదకొండుసార్లు ఉంది.

సాయంత్రానికల్లా ముగ్గురూ వెళ్లి అధికారుల కాళ్లావేళ్లా పడ్డారు. యంత్రాలు సగం రైలు గేటు అవతల బడికి, సగం మా వీధి చివర మూతబడ్డ సినిమా హాలుకి అని తేల్చారు. బిగించడానికి రెండు రోజులు పడుతుందన్నారు. సోమవారం తెరుస్తారు.

శనివారం నలుగురం కలిసి నా నలభై రెండిళ్లూ మళ్లీ తిరిగాం. ఈసారి డబ్బా గురించి కాదు, పనిలో తప్పులు ఎప్పుడొస్తున్నాయని అడగమంది డాక్టరమ్మ. గొడుగులు బాగుచేసే ఆయన సుత్తి వేలి మీద పడ్డ రోజులు చెప్పాడు. పుస్తకాలు బైండు చేసే ఆవిడ పేజీలు తలకిందులుగా అంటించిన కట్ట చూపించింది. అన్నీ మధ్యాహ్నాలే. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు, వయసు మీదపడిందనుకున్నారు.

మామ్మ మాత్రం కిటికీ దగ్గర్నుంచి లేవలేదు.

"మామ్మా, సోమవారం దాకా మా ఇంట్లో మెట్ల కింద కూర్చో. ఇక్కడ మంచిది కాదు."

"అదేంటే! నీలం అన్నావుగా?"

"తప్పు చెప్పాను."

"అప్పుడు తప్పు చెప్పావా, ఇప్పుడు తప్పు చెబుతున్నావా?" అని నవ్వింది. "నీ యంత్రం చెప్పిందంటే నమ్మాను. ఇప్పుడు నువ్వు కాదంటే ఎలా? ఈ ఇరవై చొక్కాలూ అయిపోనీ. రేపు సాయంత్రం వస్తాలే."

డాక్టరమ్మ చెప్పింది, సార్ బతిమాలాడు. ఆవిడ అందరికీ మంచినీళ్లిచ్చి పంపేసింది.

ఆదివారం నాన్నని నేనూ అమ్మా రెక్క పట్టుకుని కిందికి దింపాం. కుట్టు ఆగిపోయిందని గొణుగుతూ మెట్ల కింద కూర్చున్నాడు. నాలుగింటికి, "మామ్మ చొక్కాలయ్యాయేమో చూసిరా" అన్నాడు. వెళ్లాను.

పీట మీదే ఉంది, గోడకి ఆనుకుని. ఒళ్లో చొక్కా, సూది గుచ్చి ఉంది. అప్పటిదాకా కుట్టిన గుండీలు నాలుగూ చొక్కా వీపు వైపు ఉన్నాయి. చెయ్యి పట్టుకుంటే కాలింది. అమ్మని కేకేశాను. కుండలో నీళ్లు ఆవిడ మీద పోశాం, బట్టలు తడిపాం, డాక్టరమ్మ పరుగున వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్లే దారిలోనే అయిపోయింది.

సోమవారం సినిమా హాలు తెరిచారు. మొదటి రోజు పదిమంది కూడా రాలేదు. ఎందుకు రాలేదని ప్రశ్నల మేడం ఇంటింటికీ తిరిగి అడిగింది. చీకట్లో ఏం పని చేసుకుంటాం అన్నారు. సార్ తనే నిచ్చెన ఎక్కి కుర్చీల వరసల మీద దీపాలు కట్టాడు. అప్పుడొచ్చారు. గొడుగులాయన వచ్చాడు, బైండింగావిడ వచ్చింది. నాన్న మిషను నలుగురు మోసుకొచ్చి తెర ముందు పెట్టారు. "ఇన్నాళ్లకి తెర ముందుకొచ్చాను" అన్నాడు కానీ అందులో పస లేదు. ఆ ఎండలు ఇంకో పదిహేను రోజులు అలాగే కాశాయి. నాన్న జేబులన్నీ బయటే కుట్టాడు. గుండీలు నేను కుట్టాను. నాకు సరిగా రావు, ఇప్పటికీ రావు. నాన్న వాటిని విప్పించలేదు.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. సార్ అనలేదు, అమ్మ అనలేదు. నేనే లెక్క వేసుకునేదాన్ని. శుక్రవారం చెబితే సోమవారం తెరిచారు. మంగళవారం చెప్పి ఉంటే శుక్రవారం తెరిచేవాళ్లు. ఆదివారానికి మామ్మ దీపం కింద నాన్న పక్కన కూర్చుని ఉండేది. ఎన్నిసార్లు వేసినా ఆ లెక్క మారదు.

మొదటి వానలు పడ్డాక డబ్బాలు వెనక్కి తీసుకున్నాం. మామ్మ గది తాళం తీసి నేనూ సారూ వెళ్లాం. డబ్బా గూట్లో రుమాలు మీద అలాగే ఉంది, దుమ్ము కూడా పడలేదు. ఫోన్లోకి తీసుకుని ఆ ఆదివారం వెతికాను. మధ్యాహ్నం రెండింటికి ముప్పై ఒకటి. మూడింటికి ముప్పై ఒకటి. నాలుగింటికి, నేను తలుపు తోసిన వేళకి, ముప్పై ఒకటి.

సార్ నా భుజం మీదుగా చూశాడు. "ఈ ఇంటి లెక్క తీసేద్దాం. తప్పు లెక్క" అన్నాడు మెల్లగా.

"తప్పు కాదు సార్. గూట్లో అంతే ఉంది. ఉంచండి."

ఆయన గులాబీ కాగితం నాకిచ్చాడు. పరికరం ఎక్కడుంది అన్న చోట పాత మాట కొట్టేసి, నీళ్ల కుండ పక్క గూడు అని రాశాను. దాని పక్కన గడి లేకపోయినా, మనిషి పడమటి కిటికీ దగ్గర అని రాశాను. కింద మళ్లీ సంతకం పెట్టాను.